గుమ్మం మీది కాగితం
(ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కొత్త కంప్యూటర్ ల్యాబ్ ప్రారంభోత్సవంలో ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారికి, తోటి అధ్యాపకులకు, పిల్లలందరికీ నమస్కారం. శాలువా కప్పారు, నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. సంతోషం. ఈ కొత్త ల్యాబ్ ప్రారంభించి, కృత్రిమ మేధ గురించి, రాబోయే ఉద్యోగాల గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. రాసుకొచ్చాను కూడా. కానీ ఇందాక ల్యాబ్ గుమ్మం మీద అతికించిన కాగితం చదివాక అవన్నీ పక్కన పెట్టేశాను.

ఆ కాగితంలో ఉన్నవి రెండే లైన్లు. బాలురకు రాత్రి 9 గంటల వరకు. బాలికలకు సాయంత్రం 6 గంటల వరకు.

నేను బీటెక్ చదివింది 1980ల చివర్లో. మా క్లాసులో నలభై మందిమి, అందులో అమ్మాయిలం ఏడుగురం. అందరికీ కలిపి ఎనిమిది టెర్మినళ్లు. క్లాసులయ్యాక నాలుగున్నరకు ల్యాబ్‌లో కూర్చుంటే, ఐదున్నర కల్లా అటెండరు తాళాల గుత్తి పట్టుకుని మా కుర్చీల వెనక నిలబడేవాడు. "టైమైందమ్మా, మీ హాస్టల్ గేటు వేసేస్తారు" అనేవాడు. అతని తప్పేం లేదు, రూల్ అది. అబ్బాయిలు మాత్రం మెస్‌లో భోంచేసి వచ్చి పది దాకా పనిచేసుకునేవాళ్లు.

మరి మేమేం చేసేవాళ్లం? రాత్రి మంచం మీద లాంగ్ నోట్‌బుక్ పరిచి, పెన్సిల్‌తో గళ్లు గీసి, పాస్కల్ అనే కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రామ్‌ను లైను లైనుగా నడిపించేవాళ్లం. నేను చదివేదాన్ని, నా రూమ్మేట్ విలువలు వేసేది. మధ్యలో టక్కున ఆపేది. "ఆగవే, అక్కడ ఐ విలువ పదకొండవుతుంది. మన దగ్గరున్నవి పదే గళ్లు" అనేది. మెషిన్ ముందు కూర్చోకుండా తప్పును చెవితో పట్టే మనిషిని నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో మళ్లీ చూడలేదు.

ఫైనలియర్ ప్రాజెక్టు నోట్‌బుక్‌లో పూర్తికాదు కదా. ఒకరోజు మేమిద్దరం గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడూ పది. వాచ్‌మన్ ఎర్ర సిరాతో రిజిస్టరులో రాశాడు. వార్డెన్ ఇళ్లకు ఉత్తరాలు పంపింది. మీ అమ్మాయి ఆలస్యంగా వచ్చింది అని అందులో ఉంది. ల్యాబ్ నుంచి వచ్చింది అని మాత్రం లేదు. మా నాన్న తొలి బస్సుకే వచ్చారు. "ఎక్కడున్నావమ్మా?" అని ఒక్క మాట అడిగారు. ల్యాబ్‌లో ఉన్నానంటే నమ్మారు. నా రూమ్మేట్ ఇంటికి అలాంటి ఉత్తరాలు మూడు వెళ్లాయి. మూడోదాని తర్వాత వాళ్ల నాన్న వచ్చి ట్రంకుపెట్టెతో సహా తీసుకెళ్లిపోయారు. ఆమె డిగ్రీ పూర్తికాలేదు. మా ప్రాజెక్టు రిపోర్టు మీద నా పేరొక్కటే ఉంది. ఇప్పటికీ ఆ అట్ట చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది.

"అది పాతకాలం మేడమ్, ఇప్పుడు మా సీఎస్‌ఈ సెక్షన్లలో అమ్మాయిలు బాగానే ఉన్నారు" అంటారు. ఉన్నారు, కాదనను. మరి ఐఐటీల సంగతేంటి? 2016 ప్రాంతంలో బీటెక్‌లో చేరేవాళ్లలో అమ్మాయిలు నూటికి ఎనిమిది మంది. అందుకే 2018 నుంచి వాళ్లకోసం సూపర్‌న్యూమరరీ సీట్లు పెట్టారు. ఆ ఏడాదికి 14 శాతం, 2020 నాటికి 20 శాతం లక్ష్యం. అవి అదనంగా కలిపిన సీట్లు, అబ్బాయిల సీటు ఒక్కటీ తగ్గలేదు. అయినా జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసై వచ్చిన పిల్లను పట్టుకుని "అమ్మాయి కోటానా?" అని అడిగేవాళ్లున్నారు. దయచేసి అలా అడక్కండి. కొడుక్కి ర్యాంకు రాకపోతే ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్, కూతురికైతే ఇంటి దగ్గర కాలేజీ. ఈ తేడా మన ఇళ్లలో లేదని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలరా?

ఆడపిల్లలకు ఈ సబ్జెక్టు పడదనే మాట అసలు చరిత్రలోనే నిలబడదు. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్‌ను లోకానికి చూపించారు. దాన్ని ప్రోగ్రామ్ చేసింది ఆరుగురు ఆడవాళ్లు. ఆ రాత్రి విందుకు వాళ్లను పిలవలేదు. అదే దేశంలో 1980ల నడుమ కంప్యూటర్ సైన్స్ డిగ్రీ తీసుకున్నవాళ్లలో 37 శాతం ఆడవాళ్లుండేవారు. తర్వాత అది సగానికి పడిపోయింది. ఆ పాతికేళ్లలో ఆడపిల్లల బుర్రలేమైనా మారాయా?

అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ సంగతి తేల్చడానికి ఏళ్ల తరబడి విద్యార్థులతో మాట్లాడారు. ఇంట్లో కంప్యూటర్ కొంటే అది కొడుకు గదిలోకి వెళ్లేదట. దాంతో కాలేజీకొచ్చే సరికే అబ్బాయిలకు వేల గంటలు చేతిలో ఉండేవి. ఇది తెలిశాక ఆ యూనివర్సిటీవాళ్లు ముందే ప్రోగ్రామింగ్ తెలిసుండాలన్న పట్టింపును అడ్మిషన్లలో వదిలేశారు. కొత్తవాళ్లకు వేరే దారిలో కోర్సు మొదలుపెట్టారు. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో చేరేవాళ్లలో 1995లో 7 శాతం ఉన్న అమ్మాయిలు 2000 నాటికి 42 శాతమయ్యారు. అందుకే నేను గంటల లెక్క అడుగుతున్నాను. రోజుకు మూడు గంటలు, వారానికి ఆరు రోజులు, నాలుగేళ్లు. ప్రిన్సిపాల్ గారూ, ఆ కాగితం మీ అమ్మాయిల దగ్గర్నుంచి ఎన్ని గంటలు తీసుకుంటోందో ఒక్కసారి వేసి చూడండి.

భద్రత అంటారు. నేనూ ఆడపిల్ల తల్లినే, ఆ భయం నాకు తెలుసు. కానీ భద్రత పేరుతో హాస్టల్లో అమ్మాయిలకు వేరే రూల్ పెట్టకూడదని 2016లో వచ్చిన యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, నిబంధనల్లోనే ఉంది. ఇక్కణ్నుంచి మీ గర్ల్స్ హాస్టల్ మూడొందల అడుగులుండదు. ఇందాక నడిచే వచ్చాను. మధ్యలో రెండు స్తంభాలకు లైట్లు లేవు. ఆ లైట్లు వేయించండి. సాయంత్రం షిఫ్టుకు ఒక లేడీ అటెండర్‌ను పెట్టండి. రిజిస్టరులో "ల్యాబ్ నుంచి" అని రాసే గడి ఒకటి గీయించండి. ఇంతకంటే పెద్ద ఖర్చేమీ లేదు.

అమ్మాయిలూ, మిమ్మల్నొకటి అడుగుతాను, సిగ్గుపడకుండా చేతులెత్తండి. ఈ నెలలో ప్రోగ్రామ్ సగంలో వదిలేసి ల్యాబ్ నుంచి లేచి వెళ్లినవాళ్లు ఎంతమంది?

చూడండి సార్. దించకండమ్మా, సార్‌ని చూడనివ్వండి.

రిబ్బన్ కత్తిరించడానికి నాకేం అభ్యంతరం లేదు, కత్తెర ఇక్కడే ఉంది. ముందు ఆ కాగితం తీసి, ఇద్దరికీ ఒకే టైము రాసిన కాగితం అతికిద్దాం. ఎవరి దగ్గరైనా స్కెచ్ పెన్ ఉందా?