చైల్డ్ సేఫ్టీ కిట్ రివ్యూ: ఏది కొనాలి, ఏది వద్దు, అసలు కావాల్సింది ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం అండి. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. ఇదిగో, ఈ టేబుల్ మీద ఉన్న డబ్బా చూడండి. ఆన్‌లైన్‌లో 'చైల్డ్ సేఫ్టీ కిట్' అని కొడితే ముందు వచ్చేది ఇలాంటిదే. ఏడెనిమిది వందలకు వస్తోంది. లోపల టేబుల్ మూలలకు అతికించే ఫోమ్ ముక్కలు, సాకెట్లలో పెట్టే ప్లాస్టిక్ మూతలు, అల్మరా తలుపులకు లాకులు ఉన్నాయి. వీటితో పాటు మెట్ల గేటు, వాకర్ గురించి కూడా చెప్తాను. మా ఇంట్లో రెండేళ్ల బాబు ఉన్నాడు, అన్నీ వాడి ముందే పెట్టి చూశాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ కిట్ పిల్లలకు బొప్పి కట్టకుండా ఆపుతుంది. ప్రాణం మీదకి వచ్చే ప్రమాదాలను మాత్రం చాలావరకు ఆపదు. వాటికి కావాల్సిన సామాన్లు ఈ డబ్బాలో లేవు, గంటస్తంభం దగ్గర ఐరన్ షాపుల్లో దొరుకుతాయి. అందుకే ఈ వీడియోలో సగం ఆ సామాన్ల గురించే ఉంటుంది.

ఫోమ్ మూలలు: పర్వాలేదు. టీపాయ్‌కి అతికిస్తే మంచిదే. కానీ పిల్లలు పీకి కొరుకుతారు, ముక్క ఊడితే గొంతులో పడుతుంది. అతుకు వదులైందంటే తీసి పారేయండి.

సాకెట్ మూతల సంగతి. మన 16 ఆంప్స్ సాకెట్‌లో ఇవి లూజుగా కూర్చున్నాయి. బాబు గోరుతో లాగేశాడు, లాగి నోట్లో పెట్టుకున్నాడు. వీటికి పెట్టే డబ్బుతో షట్టర్ ఉన్న, అంటే ప్లగ్ పెడితేనే రంధ్రాలు తెరుచుకునే ఐఎస్ఐ సాకెట్లు వేయించుకోండి. ఇంకా ముఖ్యమైనది మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ. దీన్నే కొంతమంది ఈఎల్‌సీబీ అంటారు. 30 మిల్లీ ఆంప్స్‌ది అడగండి. మనిషి ఒంట్లోంచి కరెంటు భూమిలోకి వెళ్తుంటే కన్ను మూసి తెరిచేలోపు సప్లై కట్ చేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు, అది వైర్లను కాపాడటానికి పెట్టేది. ఎలక్ట్రీషియన్ "ఎంసీబీ ఉంది కదమ్మా, సరిపోద్ది" అంటే ఒప్పుకోకండి. ఆర్‌సీసీబీ మీద టెస్ట్ బటన్ ఉంటుంది, అప్పుడప్పుడూ నొక్కి చూడండి, టక్కున పడిపోవాలి. దీంతో పాటు ఫోన్ తీసేశాక ఛార్జర్ స్విచ్ కట్టేయడం అలవాటు చేసుకోండి. వేలాడే ఆ వైరు చివర నేరుగా పిల్లల నోట్లోకే వెళ్తుంది.

అల్మరా లాకులు. కిట్‌లో గమ్ముతో అతికించేవి ఇచ్చారు. హాల్లో ఉన్న చెక్క అల్మరాకి బాగానే నిలబడింది. సింకు కింద తడికి మాత్రం ఊడిపోయింది. స్క్రూలతో బిగించే రకం కొనండి, అది పనికొస్తుంది. ఇక అసలు ప్రశ్న, ఆ లాకు ఏ అల్మరాకి వేయాలి? అందరూ గిన్నెల అల్మరాకి వేస్తున్నారు. గిన్నెలు మోగిస్తే చెవులు నొప్పెడతాయి, అంతే కదండీ.

మన ఇళ్లలో ముందు చూడాల్సింది దేవుడి గూడు. చాలా ఇళ్లలో అది కింది అరలోనే ఉంటుంది. పటికబెల్లం, కర్పూరం పక్కపక్కనే. ప్రసాదం అని రోజూ చేతిలో పెట్టే తెల్లటి ముక్కకీ, కర్పూరం బిళ్లకీ రెండేళ్ల పిల్లలకు తేడా ఎలా తెలుస్తుంది? కర్పూరం మింగిన పిల్లలకు పది పదిహేను నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు. కొంచెం మింగినా ప్రమాదమే. బట్టల్లో వేసే కలరా ఉండలు మింగినా ప్రమాదమే. కర్పూరం డబ్బాని ఈరోజే పై అరకి ఎక్కించండి.

తర్వాత మామ్మ, తాతయ్యల మందులు. షుగర్ తగ్గడానికి వేసుకునే కొన్ని రకాల బిళ్లలు ఒక్కటి మింగినా పసిపిల్లలకు షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. దిండు కింద స్ట్రిప్పు పెట్టుకునే అలవాటు పెద్దవాళ్లకి ఉంటుంది. వాళ్ల మీద కోప్పడకుండా, చేతికందే ఎత్తులో తాళం ఉన్న చిన్న పెట్టె ఒకటి వాళ్లకే ఇవ్వండి.

ఎలుకల పేస్టు గురించి గట్టిగా చెప్తున్నాను. పసుపు ఫాస్ఫరస్ ఉన్న పేస్టు తిన్న పిల్లలు ఒకట్రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపిస్తారు, ఆ తర్వాత లివర్ దెబ్బతింటుంది. పిల్లలున్న ఇంట్లో అది అసలు ఉండకూడదు, బోను కొనుక్కోండి. బాత్రూమ్ యాసిడ్, థిన్నర్, కిరోసిన్ లాంటివి కూల్‌డ్రింక్ సీసాల్లో పోయొద్దు. పిల్లలు ఏదైనా మింగితే వేళ్లు పెట్టి వాంతి చేయించడం, ఉప్పునీళ్లు తాగించడం లాంటివి చేయకండి. కిరోసిన్ వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. యాసిడ్ అయితే కాలిన గొంతునే మళ్లీ కాలుస్తుంది. ఆ సీసా, స్ట్రిప్పు ఏదుంటే అది పట్టుకుని బేగి ఆసుపత్రికి వెళ్లండి. 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం కూడా ఉంది, 1800 116 117, టోల్ ఫ్రీ.

ఈ నాణెం లాంటి బ్యాటరీ చూశారా, రిమోట్లలో, వెలిగే బొమ్మల్లో, కరెంటు దీపాల్లో ఉంటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులు. పిల్లలు మింగితే గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే అక్కడ లోతుగా కాల్చేయగలదు. ఎక్స్‌రేలో నాణెంలా కనిపిస్తుంది కాబట్టి అనుమానం ఉంటే డాక్టరుకి "బ్యాటరీ" అని గట్టిగా చెప్పండి. పసిపిల్లలకు ఎండోస్కోపీ చేసి తీసే చోటు మన దగ్గర ప్రతి ఊళ్లో ఉండదు. విజయనగరం నుంచి విశాఖ వెళ్లడానికే గంటన్నర, పలాస నుంచి మూడు గంటల పైమాటే. రెండు గంటల్లో కాలిపోయేదానికి మూడు గంటల ప్రయాణం అంటే ఏమిటో ఆలోచించండి. బ్యాటరీ గది మూతకి స్క్రూ లేని బొమ్మ కొనకండి, రిమోట్ మూతకి టేపు చుట్టండి.

పలాస అన్నాను కాబట్టి ఒక మాట. జీడిపప్పు, వేరుశనగ గుళ్లు నాలుగేళ్ల లోపు పిల్లలకు గుళ్లుగా పెట్టొద్దు, పొడి చేసి పెట్టండి.

ఇప్పుడు నీళ్లు. ఇది నిదానంగా వినండి. పంపు వచ్చే టైమ్‌కి బకెట్లు, డ్రమ్ములు, గోలెం అన్నీ నింపుకునే ఊళ్లు మనవి. 2018లో తిత్లీ తుఫాను వచ్చి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేకపోయాక, తుఫాను అనగానే గిన్నెలతో సహా నింపేస్తున్నాం. ఏడాది, రెండేళ్ల పిల్లలకు తల బరువెక్కువ. మగ్గు కోసం బకెట్లోకి వంగితే తల ముందుకెళ్లిపోతుంది, కాళ్లు పైకి లేస్తాయి. నిండు బకెట్ బరువుగా ఉంటుంది, పక్కకి ఒరగదు. పిల్లలు పైకి లేవలేరు. రెండంగుళాల నీళ్లున్నా ముక్కు, నోరు మునిగితే చాలు. కేక ఉండదు, నీళ్లు కొట్టుకున్న చప్పుడు కూడా పెద్దగా ఉండదు. "నేను ఇక్కడే ఉన్నాను కదా, ఏటవుద్ది" అని మామ్మ వరండాలో బియ్యం ఏరుతూ అంటుంది. ఆవిడ ఉన్నది నిజమే, కానీ వినడానికి శబ్దమే ఉండదండి.

దీనికి కిట్‌లో ఏమీ లేదు. నేను చెప్పే వస్తువు ఇదిగో, ఆరంగుళాల గడియ. ఐరన్ షాపులో వంద లోపే. బాత్రూమ్ తలుపుకి బయటివైపు, మన తల ఎత్తులో బిగించాలి. కింద ఉన్న గడియని పిల్లలు తీసేస్తారు. ఇంట్లో చివరిగా బాత్రూమ్ నుంచి వచ్చినవాళ్లు వేయాలి, చుట్టాలకి కూడా చెప్పాలి. నీలం డ్రమ్ముకి రింగుతో బిగించే మూత కొనండి, ఊరికే పైన పెట్టే పళ్లెం లాంటిది వద్దు. గోలేనికి, నుయ్యికి వెల్డింగ్ షాపులో ఇనప జాలీ చేయిస్తారు, మనిషి ఎక్కినా వంగనిది అడగండి. వాడేసిన బకెట్ ఖాళీ చేసి బోర్లించండి.

అదే బాత్రూమ్‌లో హీటర్ రాడ్. పిల్లలున్న ఇంట్లో అది వద్దే వద్దు. కరెంటు, మరిగే నీళ్లు, రెండూ నేల మీద ఒకే బకెట్‌లో ఉంటాయి. స్నానానికి ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేడినీళ్లు కలిపి, మోచేత్తో చూడండి. సాంబారు, గంజి నేల మీద దించకండి. టీ పెట్టిన పావుగంటకి కూడా పసిచర్మాన్ని కాల్చగలదు. కాలితే కుళాయి కింద ఇరవై నిమిషాలు చన్నీళ్లు ధారగా పోయండి. పేస్టు, ఇంకు, ఐసు ఏమీ వద్దు.

వాకర్: కొనకండి. కెనడాలో 2004 నుంచి వీటి అమ్మకమే నిషేధం. నడక తొందరగా రాదు, పైగా చక్రాలతో మెట్ల దాకా, పొయ్యి దాకా క్షణంలో చేరిపోతారు. బారసాలకు ఎవరైనా ఇస్తే చక్రాలు తీసేయండి.

మెట్ల గేటు: మంచి వస్తువే, కానీ ఆన్‌లైన్‌వి సన్నటి గుమ్మాలకు చేసినవి, మన మెట్లకు వెడల్పు చాలవు. గోడల మధ్య ఒత్తిడితో నిలబడే రకం మెట్ల పైచివర అసలు పెట్టకూడదు. మేం వెల్డింగ్ షాపులో చేయించాం. కమ్మీలు నిలువుగా ఉండాలి, అడ్డంగా ఉంటే నిచ్చెనలా ఎక్కేస్తారు. సందు మూడంగుళాలకు మించొద్దు. డాబా మీద పిట్టగోడ పక్కన కుర్చీ, కుండీ ఏవీ ఉంచకండి.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇల్లంతా చుట్టాలతో నిండుతుంది కదా. వాళ్ల హ్యాండ్ బ్యాగుల్లో బిళ్లలు ఉంటాయి, అవి మంచం మీదే పడేస్తారు. గుమ్మం పక్కన ఐదడుగుల ఎత్తులో నాలుగు కొక్కేలు కొట్టించండి. "పిన్నీ, బ్యాగు ఇలా ఇవ్వండి" అని మీరే తీసుకుని తగిలించేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.