మామిడిపండు వాసన వచ్చిన పెన్ను

నమస్కారమండీ. నేను హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఈరోజు వేప్ గురించి, అంటే ఈ-సిగరెట్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలో మీతో మాట్లాడదామని వచ్చాను.

నిరుడు కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతిలో రికార్డులు దిద్దుతుంటే చివరి బెంచీ వైపు నుంచి మామిడిపండు వాసన వచ్చింది. కార్తీకంలో మామిడిపండ్లెక్కడివి? వెళ్లి చూస్తే ఒక పిల్లాడి జామెట్రీ బాక్సులో హైలైటర్ పెన్నులాంటిది ఉంది. చేతిలోకి తీసుకుంటే పెన్ను కన్నా బరువుగా ఉంది, ఒక చివర ఛార్జింగ్ పెట్టే సందు, ఇంకో చివర నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ ముక్క. "ఇది పొగ కాదు టీచర్, వట్టి ఆవిరే" అన్నాడు. తప్పించుకోవడానికి అన్న మాట కాదది, వాడు నిజంగానే అలా నమ్మాడు. నాకు తిట్టడానికి నోరు రాలేదు, ఎందుకంటే బీడీ, సిగరెట్, గుట్కా గురించి ఏటా చెబుతున్నాం గానీ దీని గురించి వాళ్లకి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

మర్నాడు క్లాసులో అడిగాను. అన్నం గిన్నె మూతకి పట్టిన ఆవిరి ఏమవుతుంది? ఆరిపోతుంది, ఏమీ మిగలదు. మరి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కలకి పట్టింది? జిడ్డు టీచర్, గోరుతో గీకినా పోదు అన్నారు. నూనె కంటికి కనబడనంత సన్నటి తుంపరగా గాలిలో వెళ్లి అక్కడ అతుక్కుంది కదా, వేప్‌లోంచి వచ్చేదీ అలాంటి తుంపరే, నీటి ఆవిరి కాదు. అందులో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి కోసం కలిపిన రసాయనాలు, చాలావాటిలో నికోటిన్ ఉంటాయి. బ్యాటరీతో తీగచుట్ట వేడెక్కినప్పుడు ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి, నికెల్, సీసం లాంటి లోహాల రేణువులు కూడా కలుస్తాయి. ల్యాబ్‌లో కప్పలు కుళ్లిపోకుండా సీసాల్లో పోసే ఫార్మలిన్ ఉంది చూశారా, అది ఈ ఫార్మాల్డిహైడ్ నీళ్లలో కలిసిందే అనగానే అందరూ తలలు తిప్పి ల్యాబ్ బీరువా వైపు చూశారు.

సిగరెట్ మొదటిసారి తాగినవాడికి గొంతు మండుతుంది, దగ్గొస్తుంది, కొందరు అక్కడితో మానేస్తారు కూడా. వేప్‌లో మామిడి, పుదీనా రుచులు ఆ మంటని దాచేస్తాయి. కొన్ని రకాల్లో ఒక్క పాడ్‌లో, అంటే వేప్‌కి తగిలించే చిన్న ద్రవం డబ్బాలో, ఉండే నికోటిన్ 20 సిగరెట్ల పెట్టెకి దగ్గరగా ఉంటుంది, పైగా మెదడు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది కాబట్టి పద్నాలుగేళ్లవాడికి ఇది పెద్దవాళ్ల కన్నా తొందరగా అలవాటైపోతుంది. వాడికి తెలిసేది ఒక్కటే, లెక్కల పీరియడ్‌లో చిరాకు, టెన్షన్, ఇంటర్వెల్ ఎప్పుడవుతుందా అని.

టీచర్లకు ఒక మాట. భయపెట్టాలని ఉన్నదానికి మరో నాలుగు కలిపి చెప్పకండి. 2019 నుంచి 2020 ఫిబ్రవరి దాకా అమెరికాలో వేప్ తాగినవాళ్లలో ఊపిరితిత్తులు దెబ్బతిని దాదాపు 2,800 మంది ఆస్పత్రుల్లో చేరారు, 68 మంది చనిపోయారు, ఇది నిజం. అయితే ఆ కేసులకు ఎక్కువగా కారణమైంది గంజాయి రసాయనం ఉన్న వేప్ డబ్బాల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్. ఈ రెండో సగం కూడా చెప్పాలి, లేదంటే పిల్లలు ఫోన్లో వెతుక్కుని, మేడమ్ అబద్ధం చెప్పింది అనుకుంటారు, ఆ తర్వాత మనం ఏం చెప్పినా వినరు.

మన దేశంలో వీటి తయారీ, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నిటినీ 2019లోనే చట్టం నిషేధించింది. అమ్మితే మొదటిసారి ఏడాది దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మరి మావాడికెలా దొరికిందంటే, ఫోన్లో మెసేజ్ పెడితే ఇంటర్ చదివే కుర్రాడెవరో ట్యూషన్ దగ్గరికి తెచ్చి ఇచ్చాడట. అమ్మినవాడి జోలికి ఎవరూ పోరు, దొరికిన పిల్లాడికి మాత్రం టీసీ చేతిలో పెడతారు, నాకు తెలిసిన ఒక బడిలో అలాగే జరిగింది. దాంతో మిగతా పిల్లలు మానేస్తారని ఎవరైనా అనుకుంటే పొరపాటు, ఇంకా బాగా దాచడం నేర్చుకుంటారు.

మా పిల్లాడు రెండు రోజుల తర్వాత స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి, "మానేస్తే ఈ చిరాకు ఎన్నాళ్లుంటుంది టీచర్?" అని అడిగాడు. మొదటి మూడు నాలుగు రోజులు గట్టిగా ఉంటుంది నాన్నా, కొన్ని వారాల్లో తగ్గుతూ వస్తుంది అని చెప్పి, ఒక నంబర్ వాడి రఫ్ నోట్సు వెనక రాసిచ్చాను. పొగాకు మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబర్ అది. మీరూ కాగితం తీసుకోండి, మెల్లగా చెబుతాను: 1800 11 2356. ఇంకోసారి, 1800 11 2356.