చదివినవాళ్లు లేచి నిలబడేలా రాయడం ఎలా? దూబగుంట చెప్పే సంగతి

[తెర మీద: గోడకి కొట్టిన మేకు, దానికి ఏమీ లేదు]

నమస్కారం అండీ. ముందు నేను చేసిన తప్పు చెప్పేస్తాను, అక్కణ్నుంచి అసలు విషయంలోకి వెళ్దాం. కొన్నేళ్ల కిందట ప్లాస్టిక్ కవర్ల మీద పెద్ద వ్యాసం ఒకటి రాశాను. సముద్రాలు, తాబేళ్లు, మట్టిలో కలవడానికి పట్టే కాలం, దొరికిన లెక్కలన్నీ అందులో కుక్కేశాను. చాలామంది మెచ్చుకున్నారు, షేర్లు కూడా బాగానే వచ్చాయి. మా అమ్మ రెండుసార్లు చదివి "బాగా రాశావురా" అంది, అని ఆ సాయంత్రమే రైతుబజారుకెళ్లి నాలుగు కవర్లలో కూరగాయలు తెచ్చింది. ఇదేంటమ్మా అంటే, "సంచి మర్చిపోయాను" అంది.

నేను తాబేలు గురించి రాశాను. ఆవిడ ఇబ్బందేమో సంచి గుర్తుండకపోవడం.

ఉన్న విషయాన్ని ఉన్నట్టు రాసి, చదివినవాళ్లు ఏదో ఒకటి మార్చుకునేలా చెయ్యాలని మనలో చాలామందికి ఉంటుంది. పొలం మీద రాసేవాళ్లు, ఆరోగ్యం మీద రాసేవాళ్లు, కట్నాల మీద రాసేవాళ్లు, అందరిదీ ఇదే ఆశ. దీనికి పది చిట్కాలు చెప్పే వీడియోలు చాలానే ఉన్నాయి, నేనూ చూశాను, పెద్దగా పని చెయ్యలేదు. అందుకే ఇవాళ చిట్కాలు పక్కనపెట్టి ఒకే ఒక్క పాఠాన్ని విప్పి చూద్దాం. ఒక పేజీ కూడా నిండని పాఠం అది, కానీ దాని వెనకాల ఒక రాష్ట్రమే కదిలింది.

[తెర మీద: రాత్రి, లాంతరు వెలుగు, చాప మీద పలకలు]

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అని సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచింది. పగలంతా కూలికెళ్లి వచ్చిన ఆడవాళ్లు రాత్రిపూట కూర్చుని చదువుకునేవాళ్లు. ఆ వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా చుట్టూ అల్లిన కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివినవాళ్లు దాన్ని పుస్తకంలోనే వదిలెయ్యలేదు. మన ఇంట్లో కూడా ఇదే కదా అని మాట్లాడుకున్నారు, మాట్లాడుకుని ఊళ్లో సారా ఆపించారు. సారా వ్యతిరేక పోరాటంలో ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ, దూబగుంట రోశమ్మ అంటారే, ఆవిడది ఆ ఊరే.

ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. నాకు ఆసక్తి కలిగించింది ఆ తర్వాత జరిగింది. దూబగుంట ఆడవాళ్లు చేసిందే మళ్లీ ఒక పాఠమైంది, 'ఆడవాళ్లు ఏకమైతే' అని, అక్షరాలు నేర్చుకున్నాక చదివే తర్వాతి పుస్తకంలో అచ్చయింది. మొదటిది కథ, రెండోది జరిగిన విషయం. దాన్ని పక్క ఊళ్లవాళ్లు చదివారు, చదివి తమ ఊళ్లో దుకాణం ముందుకెళ్లి నిలబడ్డారు. మన పనికి సంబంధించింది ఈ రెండో పాఠమే.

అందులో ఏముందో నా మాటల్లో చెప్తాను. మాది దూబగుంట, మేం కూలి చేసుకు బతికేవాళ్లం, మా మగవాళ్లు కూలి డబ్బులు సారాకి పోస్తారు అని మొదలవుతుంది. చదువుకున్నాక దాదాపు వంద మందిమి కలిసి ఊరి బయటికి నడిచాం అంటారు. ముందు కల్లు బండిని ఆపారు. కల్లు పారబొయ్యమన్నారు, నీకు నష్టమైతే మేం తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాం అన్నారు. అతను హడలిపోయాడు. తర్వాత సారా జీపు వస్తే చుట్టుముట్టారు, కలెక్టరు దగ్గరికి వెళ్తాం అన్నారు. దుకాణం మూతపడింది.

ఆ రూపాయి దగ్గర కాసేపు ఆగండి.

నేను రాసుంటే ఆ రూపాయి ఎగిరిపోయేది, మీరు రాసినా బహుశా అంతే. "ఉవ్వెత్తున ఎగసిన మహిళా చైతన్యం" అని రాసి చేతులు దులుపుకునేవాళ్లం. కానీ పక్క ఊళ్లో చాప మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటున్న ఆవిడకి చైతన్యంతో ఏం పని? ఆవిడకి కావలసింది వేరే. బండి ఆపితే వాడు ఊరుకుంటాడా, నష్టం ఎవరిస్తారంటే ఏం చెప్పాలి, ఎంతమంది ఉంటే ధైర్యం, మొదట బండి ముందుకెళ్లాలా జీపు ముందుకా. పాఠంలో ఇవన్నీ ఉన్నాయి. రూపాయి అంటే ఆవిడ కొంగుముడిలో ఉండే డబ్బు. కల్లు అమ్ముకునేవాడు కూడా బీదవాడే, అతని పొట్టకొట్టడం లేదన్న న్యాయం కూడా ఆ రూపాయిలోనే ఉంది. కలెక్టరు మాట కూడా ఊరికే రాలేదు, ఈ చదువుల కార్యక్రమం జిల్లాలో నడిచింది కలెక్టరు ఆధ్వర్యంలోనే, కాబట్టి ఆ పేరు వాళ్లకి అందనంత దూరంలో లేదు.

ఇంకోటి, పాఠం మొత్తం 'మేం' అని నడుస్తుంది. మీరు ఇలా చెయ్యాలి అని ఎక్కడా వేలు చూపించదు. మేం ఇలా చేశాం, అంతే. నీతి చెప్తే తల ఊపుతాం, పక్కింటావిడ చేసిందంటే మాత్రం రాత్రి నిద్ర పట్టదు. (మన చుట్టాల దగ్గర ఇదే సూత్రం వేరే రకంగా పనిచేస్తుంది, పక్కింటి కారు విషయంలో. అది వదిలేద్దాం.)

కోపం ఎవరి మీదికి మళ్లించాలన్నది కూడా రాసేవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాలి. తాగుబోతు మొగుడు చెడ్డవాడు అని రాసి ఊరుకోవచ్చు, సులువు కూడా. కానీ ఆ రోజుల్లో సారా దుకాణాలకి వేలంపాట పెట్టింది ప్రభుత్వం, పాడుకున్నది కాంట్రాక్టర్లు. ఆడవాళ్లు ఇంట్లో పోట్లాటతో ఆగకుండా దుకాణం దాకా, 1992లో నెల్లూరులో వేలంపాటల దాకా వెళ్లి అడ్డుకోగలిగారంటే, సారా ఏ దారిన ఊళ్లోకి వస్తోందో వాళ్లకి కనబడింది కాబట్టే. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది.

1997లో దాన్ని సడలించేశారు కూడా. ఇది చెప్పకపోతే నేను అబద్ధం చెప్పినట్టే. రాత ఊరిని కదిలిస్తుంది, బడ్జెట్లో ఆదాయం లెక్కల్ని మాత్రం ఎల్లకాలం ఆపలేదు. పైగా ఇదంతా ఒక పాఠం వల్లే జరిగిందంటే ఆ ఆడవాళ్లకి అన్యాయం. పాఠం నిప్పుపుల్ల, ఎండిన కట్టెలు అప్పటికే ఇళ్లల్లో ఉన్నాయి.

[తెర మీద: 1034]

అంకెలు వద్దంటున్నానా? లేదు. గురజాడ కన్యాశుల్కానికి ఇంగ్లీషులో రాసిన ముందుమాట చూడండి. విజయనగరం మహారాజు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్కం పెళ్లిళ్ల, అంటే డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చే పెళ్లిళ్ల, జాబితా తీయిస్తే 1034 తేలాయట. ఇక్కడ ఆపితే అది గవర్నమెంటు రిపోర్టు. గురజాడ ఆపలేదు. అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు 3 అని ఒక్కో మెట్టూ కిందికి దింపుతాడు, ఆ ఏడాది పసికందుల ధర 350 నుంచి 400 రూపాయలు అని చెప్తాడు. అంకె తగ్గేకొద్దీ మన గుండె బరువెక్కుతుంది. నా తాబేళ్ల లెక్కలు ఇలా లేవు, అన్నీ కోట్లలో ఉన్నాయి, కోటి టన్నులంటే మా అమ్మకి ఏం కనబడుతుంది చెప్పండి.

[తెర మీద: మళ్లీ అదే మేకు, ఇప్పుడు తాళంచెవి, మడిచిన గుడ్డసంచి]

ఆ వ్యాసం మళ్లీ రాశాను. ఈసారి రాసేముందు మా వీధిలో అయిదిళ్లకి వెళ్లి, సంచి ఎక్కడ పెడతారు, ఎప్పుడు గుర్తొస్తుంది అని అడిగాను. అందరిళ్లల్లోనూ సంచులు బోలెడున్నాయి, వంటగది తలుపు వెనకాల. గుర్తొచ్చేది మాత్రం బజార్లో, బెండకాయలు తూకం వేశాక. ఒక్క ఇంట్లో ఒకాయన బండి తాళంచెవి మేకుకే సంచి తగిలిస్తాడు, తాళం తీస్తే సంచి చేతిలోకి వస్తుంది. ఆయన గురించి మాత్రమే రాశాను, పేరు లేకుండా, ఆ మేకు ఎంత ఎత్తులో ఉందో కూడా చెప్పి. వ్యాసం పొడవు మొదటిదానిలో పావువంతు లేదు, షేర్లు కూడా దాదాపు రాలేదు. అమ్మ చదివి ఏమీ అనలేదు, మర్నాడు చూస్తే మా మేకుకి సంచి వేలాడుతోంది.

చికెన్‌కి మాత్రం ఇప్పటికీ కవరే. దానికి ఏం రాయాలో నాకింకా దొరకలేదు. మీ ఇంట్లో ఎవరైనా స్టీలు డబ్బా పట్టుకెళ్తుంటే, మొదటిరోజు ఆ కొట్టువాడు ఏమన్నాడో, మీరేం సమాధానం చెప్పారో ఉన్నదున్నట్టు నాకు రాసి పంపండి, వచ్చే వీడియో దాని మీదే చేద్దాం.