ఉలామ్, ఒక బాతు, 52 ముక్కలు

తమ్ముడు: ఇవాళ హైడ్రోజన్ బాంబు. దాని వెనకున్న లెక్కల మాస్టారు స్టానిస్లావ్ ఉలామ్ కథ. అక్క ఈసారి పేకాట ఊసెత్తనని మాటిచ్చింది.

అక్క: నేనివ్వలేదు. ముందు ఆ కాఫీ హోటల్ సంగతి చెప్పు.

తమ్ముడు: అప్పటి పోలండ్‌లోని ల్వోవ్ ఊళ్లో స్కాటిష్ కేఫ్. బనాహ్, మాజుర్ అనే గణిత శాస్త్రజ్ఞులు, మన ఉలామ్ గంటల తరబడి కూర్చుని పాలరాతి బల్లల మీదే లెక్కలు రాసేసేవాళ్లు, తర్వాత హోటల్ వాళ్లొచ్చి తుడిచేసేవాళ్లు. చూసి చూసి బనాహ్ భార్య 1935లో ఒక లావుపాటి నోట్‌బుక్ కొనిచ్చింది.

అక్క: లేకపోతే అంతా తడిగుడ్డ పాలే.

తమ్ముడు: అందులో కొన్ని లెక్కలకి బహుమతులు కూడా. 1936లో మాజుర్ ఒకటి రాసి, తేల్చినవాళ్లకి ప్రాణమున్న బాతు ఇస్తానన్నాడు.

అక్క: ఇచ్చాడా?

తమ్ముడు: 1972లో! పెర్ ఎన్‌ఫ్లో అని స్వీడన్ కుర్రాడు తేల్చాడు. వార్సాలో మాజుర్ స్వయంగా బాతుని చేతిలో పెట్టాడు, టీవీలో కూడా చూపించారు.

అక్క: ముప్ఫై ఆరేళ్లకైనా తీర్చాడు. మన పెద్దమామయ్య కంటే నయం.

తమ్ముడు: మామయ్య వింటాడే బాబూ.

అక్క: వినాలనే. ఇంతకీ బాతుని వండుకున్నాడా, పెంచుకున్నాడా?

తమ్ముడు: బాతుని వదిలెయ్యవే. 1939 ఆగస్టులో ఉలామ్ తన తమ్ముడు ఆడమ్‌ని వెంటేసుకుని అమెరికా ఓడెక్కాడు. సెప్టెంబర్ 1న యుద్ధం. పోలండ్‌లోనే ఉండిపోయిన తండ్రినీ చెల్లెల్నీ నాజీలు బతకనివ్వలేదు.

అక్క: ఆ పిల్లాడికెన్నేళ్లు?

తమ్ముడు: పదిహేడు.

అక్క: ఊఁ.

తమ్ముడు: ...తర్వాత అమెరికా అణుబాంబు తయారుచేసిన లాస్ అలమోస్ ల్యాబ్‌లో, ప్లుటోనియం బాంబుకి ఇంప్లోజన్ లెక్కలు, అంటే ప్లుటోనియం ముద్దని చుట్టూ పేలుళ్లతో లోపలికి నొక్కెయ్యడం. 1946లో మెదడు వాచి సర్జరీ అయింది, మంచం మీద కాలక్షేపానికి...

అక్క: పేకముక్కలు! చెప్పనా?

తమ్ముడు: చెప్పు, ఆగుతావా ఏంటి.

అక్క: ఒక్కడే సాలిటేర్ ఆడుకుంటూ, ఆట పూర్తయ్యే అవకాశమెంతో లెక్కగట్టబోయి, ఇంత తంటా ఎందుకు, వందసార్లు పరిచి ఎన్నిసార్లు అయిందో చూస్తే పోలా అనుకున్నాడు. అదే పద్ధతిలో బాంబులో న్యూట్రాన్ల పోకడ కంప్యూటర్‌తో లెక్కేయొచ్చని తోటి గణిత శాస్త్రజ్ఞుడు వాన్ నాయ్‌మన్‌కి చెప్పాడు. పేకాడితే చెడిపోతారని ఎవడ్రా అన్నది?

తమ్ముడు: అమ్మ.

అక్క: ఆ పద్ధతికి జూదానికి పేరుపడ్డ ఊరు మాంటే కార్లో పేరెందుకొచ్చిందో తెలుసా? ఉలామ్ మామయ్యొకాయన బంధువుల దగ్గర అప్పుచేసి అక్కడికెళ్లేవాడట.

తమ్ముడు: మళ్లీ మామయ్యేనా! బాంబు చెప్పనివ్వు. 1951లో హైడ్రోజన్ బాంబుకి టెల్లర్-ఉలామ్ డిజైన్, టెల్లరంటే భౌతిక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టెల్లర్. 1952 నవంబర్ 1న పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో పేల్చారు, పది మెగాటన్నుల పైమాటే, అంటే కోటి టన్నుల టీఎన్‌టీ పేలినంత.

అక్క: టెల్లర్ తర్వాత ఇతని వాటా తగ్గించి చెప్పుకొచ్చాడుగా.

తమ్ముడు: అదో పెద్ద గొడవ, అసలు ముందు...

అక్క: ఉండరా, బెల్ మోగుతోంది.