పొలాల గురించి పూర్తి ప్రశ్న అడగాలి

శ్రోతలకు నమస్కారం.

జనాభా పెరుగుతోంది, ఊళ్ళు విస్తరిస్తున్నాయి, పొలాలు తరిగిపోతున్నాయి. ఈ మూడు మాటలూ కలిపి వినీ వినీ మనకు అలవాటైపోయింది. ఎవరిని కదిపినా, "జనం పెరిగితే ఇళ్ళు కావాలి కదా, ఇళ్ళు కట్టాలంటే పొలాలు పోక తప్పుతుందా" అంటారు. అదే మనిషిని "సాగుభూమిని కాపాడాలా, వద్దా" అని అడిగి చూడండి. కాపాడాలనే అంటారు. రెండూ మనస్ఫూర్తిగా చెప్పిన మాటలే. పోక తప్పదని, కాపాడాలని ఒకే నోట ఎలా అంటున్నామో ఈ రోజు ఆలోచిద్దాం.

ముందు జనాభా సంగతి. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరింది. 2080ల మధ్యలో అది సుమారు 1,030 కోట్లకు చేరి, తర్వాత మెల్లగా తగ్గుముఖం పడుతుందని ఐక్యరాజ్యసమితి 2024లో అంచనా వేసింది. ఇంకా 200 కోట్ల మందికి తిండీ నీడా రెండూ ఈ నేల మీదే చూపించాలి. ఇది చిన్న భారం కాదు.

కాని పొలాలు పోవడానికి జనాభా ఒక్కటే కారణం అంటే లెక్క కుదరదు. ఐరోపాలో 1950ల మధ్య నుంచి సుమారు యాభై ఏళ్ళలో జనాభా 33 శాతం పెరిగితే, నగరాలు పరుచుకున్న నేల 78 శాతం పెరిగింది. మనుషుల కంటే నగరాలే రెండింతలకు పైగా వేగంగా పెరిగాయన్నమాట. జపాన్ సంగతి ఇంకా విచిత్రం. 1961లో అక్కడ 60 లక్షల హెక్టార్ల సాగుభూమి ఉండేది. ఇప్పుడు సుమారు 43 లక్షలే. జనాభా 2008 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి తగ్గుతూ వస్తున్నా, సాగుభూమి తరుగుదల మాత్రం ఆగలేదు. కొంత భూమి ఇళ్ళకూ రోడ్లకూ ఫ్యాక్టరీలకూ పోయింది, కొంత సాగుచేసే చేతులు లేక బీడుపడింది. కాబట్టి ఎంతమందిమి ఉన్నామనే దానితో పాటు ఒక్కొక్కరం ఎంత నేల వాడుకుంటున్నాం, ఎక్కడి నేల వాడుకుంటున్నాం అన్నది కూడా చూడాలి.

ఎక్కడి నేల అన్నది చాలా ముఖ్యం. పాత నగరాలు ఎక్కువగా వెలిసింది నదుల పక్కన, మంచి మట్టి ఉన్న చోట, తిండికి కొరత లేని చోట. అందుకే నగరం పక్కకు జరిగినప్పుడల్లా దానికి ముందు తగిలేది ఆ మంచి భూమే. 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం, 2000 నుంచి 2030 లోపు నగరాల విస్తరణ వల్ల ప్రపంచ సాగుభూమిలో పోయేది సుమారు రెండు శాతం. వినడానికి తక్కువే అనిపిస్తుంది. కాని ఆ భూమి దిగుబడి ప్రపంచ సగటుకు 1.77 రెట్లు. ఆ నష్టంలో 80 శాతం ఆసియా, ఆఫ్రికా ఖండాలదే. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారుకావడానికి వెయ్యేళ్ళ దాకా పట్టవచ్చు. పునాది పడ్డ పొలాన్ని మళ్ళీ పొలం చేసుకోవడం మన తరంలో అయ్యే పని కాదు.

ఇప్పుడు ఒక పొలం ఎలా పోతుందో కాస్త దగ్గరగా చూద్దాం. ముందు రోడ్డు వస్తుంది, లేదా రోడ్డు వస్తుందన్న కబురు వస్తుంది. ఆ కబురుతోనే ధర లేస్తుంది. పక్క రైతు అమ్ముతాడు. అతన్ని తప్పుపట్టలేం, అప్పు తీరుతుంది, పిల్లల చదువు గట్టెక్కుతుంది. కొన్నవాళ్ళు సరిహద్దు రాళ్ళు పాతి, మట్టి తోలి మెరక చేస్తారు. ఆ మెరకతో ఇవతలి పొలం పల్లమైపోతుంది. వాన నీళ్ళు పోయే దారి మూసుకుపోయి చేను నీట మునుగుతుంది. పంట కాలువలో ఇళ్ళ మురుగు కలుస్తుంది. ఇళ్ళలోకి మనుషులు దిగాక, పురుగుమందు కొడితే వాసన అని గొడవ, కోత యంత్రం రాత్రిపూట నడిస్తే చప్పుడు అని గొడవ. పదిమంది రైతులు ఉన్నప్పుడు ఒక ట్రాక్టరు రిపేరు షాపూ ఒక విత్తనాల దుకాణమూ నడిచేవి. ముగ్గురు మిగిలితే అవీ మూతపడతాయి.

ఇక ఆ మిగిలిన ముగ్గురిలో ఎవరు కొత్తగా బోరు వేయిస్తారు? ఎవరు మట్టికి బలం పెడతారు? నాలుగైదేళ్ళలో తనదీ ప్లాటయ్యే భూమే అనుకున్న రైతు దాని మీద డబ్బు పెట్టడు. దిగుబడి పడిపోతుంది. అప్పుడు పైనుంచి ఒక మాట వస్తుంది, ఇది ఎలాగూ పండని భూమి, మార్పిడికి అనుమతి ఇచ్చేద్దామని. ఆ భూమి పండకుండా చేసింది అనిశ్చితి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే. ఒక్క ఎకరం ప్లాటుగా మారితే దాని చుట్టూ ఉన్న ఎన్నో ఎకరాలు లోపల్లోపలే చచ్చుబడిపోతాయి. ఆ ఎకరాలు ఏ లెక్కలోకీ రావు.

ఇక ప్రజాభిప్రాయం. సర్వేలో అడిగే ప్రశ్న చాలా తేలికైనది. పొలాలను కాపాడాలా అంటే అవునంటాం, దానికి మన జేబులోంచి పైసా పోదు. అసలు పరీక్ష ఓటు వేసినప్పుడు వస్తుంది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం కథ ఇందుకు మంచి ఉదాహరణ.

1973లో టామ్ మెక్‌కాల్ అక్కడ గవర్నరు. విలమెట్ లోయలోని మంచి పొలాలు ఇళ్ళ కింద కనుమరుగవుతున్న రోజులవి. హెక్టర్ మెక్‌ఫర్సన్ అనే పాడిరైతు రాష్ట్ర సెనేటరుగా ఉండి, భూ వినియోగ ప్రణాళిక చట్టం కోసం పట్టుబట్టి పనిచేశాడు. ఒక రైతే దీనికి పూనుకోవడం గమనించాల్సిన సంగతి. ఆ చట్టం కింద ప్రతి పట్టణం చుట్టూ ఒక హద్దు గీశారు. పెరుగుదల అంతా హద్దు లోపలే, బయట వ్యవసాయం, అడవి. ఈ విధానాన్ని ఎత్తేయాలని 1976లో, 1978లో, 1982లో ఓటింగు పెట్టారు. మూడుసార్లూ జనం చట్టం వైపే నిలిచారు.

అదే జనం 2004లో వేరే తీర్పు ఇచ్చారు. ఆంక్షల వల్ల భూమి విలువ తగ్గితే ప్రభుత్వం పరిహారం ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఆంక్ష ఎత్తేయాలి అన్న ప్రతిపాదనకు సుమారు 61 శాతం ఓట్లు పడ్డాయి. ఆ ప్రచారంలో వినిపించింది, తొంభై దాటిన ఒక పెద్దావిడ గోడు. తన భూమిని భాగాలు చేసి పిల్లలకు ఇచ్చుకోనివ్వడం లేదని ఆవిడ బాధ. ఎవరి మనసు కరగదు? ఆ తర్వాత ఏడు వేలకు పైగా అర్జీలు వచ్చాయి, ఏడు లక్షల ఎకరాలకు పైగా భూమి మీద. వాటిలో పెద్ద పెద్ద లేఅవుట్లు కూడా ఉన్నాయని తెలిసేసరికి జనానికి గుండెల్లో రాయి పడింది. మూడేళ్ళకే, 2007లో, దాన్ని సవరించే ప్రతిపాదనకు 62 శాతం మంది ఓటేశారు. అర్జీ పెట్టుకున్నవాళ్ళు రెండు మూడు ఇళ్ళు కట్టుకోవచ్చు, మంచి సాగుభూమిలో పెద్ద లేఅవుట్లు కుదరవు అన్నది దాని సారాంశం.

ఆ జనానిది చపలచిత్తమని కొందరన్నారు. నేను ఒప్పుకోను. 2004లో వాళ్ళను అడిగింది న్యాయం గురించి. 2007లో అడిగింది న్యాయం, పొలం రెండింటి గురించీ. రెండోసారి ప్రశ్న పూర్తిగా అడిగారు, జవాబు కూడా పూర్తిగా వచ్చింది.

స్విట్జర్లాండ్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 1985 నుంచి 2009 దాకా అక్కడ సెకనుకు సుమారు ఒక చదరపు మీటరు చొప్పున సాగుభూమి పోయింది. 2013 మార్చిలో కొత్త చట్టం మీద ఓటింగు పెట్టారు. అవసరానికి మించి ఇళ్ళ స్థలాలుగా గుర్తించిన భూమిని తగ్గించాలి, భూమి కొత్తగా ఇళ్ళ స్థలంగా మారి విలువ పెరిగితే ఆ పెరుగుదలలో కనీసం 20 శాతం ప్రజలకు చెందాలి అన్నది ఆ చట్టం. దాదాపు 63 శాతం మంది సరేనన్నారు. మరుసటి ఏడాది, వలసల వల్ల పెరిగే జనాభాను ఏడాదికి 0.2 శాతం దాటనివ్వకూడదన్న ప్రతిపాదన వచ్చింది. ప్రకృతి వనరులను కాపాడటమే దాని ఉద్దేశమన్నారు. 74 శాతం మంది కాదన్నారు. 2019లో ఇళ్ళ స్థలాల మొత్తం విస్తీర్ణాన్ని ఉన్నచోటే స్తంభింపజేయాలన్న ప్రతిపాదనకూ ఓటమే ఎదురైంది. ఈ ఓట్లకు ఎన్నో కారణాలు ఉంటాయి. అయినా నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తోంది. ప్రకృతి పేరు చెప్పి మనుషుల రాకకు కళ్ళెం వేద్దామంటే జనం వద్దన్నారు, మొత్తం బిగించేద్దామన్నా వద్దన్నారు. లాభం వచ్చినవాడు కొంత పంచాలి అంటే మాత్రం ఒప్పుకున్నారు.

మరి పొలాన్ని కాపాడే ఖర్చు రైతు ఒక్కడే ఎందుకు మోయాలి? నగరంలో ఉన్నవాడు తన స్థలం అమ్ముకుని లాభపడవచ్చు, రైతు మాత్రం పచ్చదనం కోసం త్యాగం చేయాలి అంటే ఆ మాట ఎవరూ వినరు. అమెరికాలోనే, సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో 1979లో ఓటర్లు దీనికి ఒక దారి చూపించారు. 5 కోట్ల డాలర్ల బాండ్లకు ఒప్పుకుని, ఆ అప్పు తీర్చే బాధ్యత తమ పన్నుల మీదే వేసుకున్నారు. ఆ డబ్బుతో రైతుల దగ్గర కొన్నది భూమిని కాదు, దాని మీద ఇళ్ళు కట్టే హక్కును. భూమి రైతుదే, సాగూ రైతుదే. తర్వాత ఎవరి చేతికి మారినా అక్కడ లేఅవుట్ వేయడానికి వీల్లేదు. రైతుకు చేతికి డబ్బు వచ్చింది, ఆ భూమి మీద బోరు వేయాలా వద్దా అన్న సందేహమూ పోయింది.

పూర్తి ప్రశ్నలో ఇంకో సగం ఉంది, అది నగరవాసులకు చేదుగా ఉంటుంది. పొలాలు కాపాడాలనే మనమే, మన వీధిలో నాలుగంతస్తుల అపార్టుమెంటు కడతామంటే సంతకాలు సేకరిస్తాం. ట్రాఫిక్ అంటాం, నీళ్ళు చాలవంటాం. ఆ ఆందోళన న్యాయమైనదే, సౌకర్యాలు పెంచకుండా జనాన్ని కుక్కితే బతుకు దుర్భరమవుతుంది. కాని ఇక్కడ వద్దన్న ఇల్లు గాలిలో కట్టరు, ఊరి చివర ఎవరి పొలంలోనో కడతారు. పైగా హద్దు గీసి లోపల కట్టనివ్వకపోతే అద్దెలు పెరిగి, ముందు నలిగేది పేదవాళ్ళు. ఒరెగాన్‌లో 2019లో మరో చట్టం చేసి, పట్టణాల్లో ఒక్క ఇల్లు మాత్రమే కట్టాలన్న చోట రెండిళ్ళు, పెద్ద నగరాల్లో నాలుగు దాకా కట్టుకోనిచ్చింది ఈ చిక్కు తెలిసే. హద్దుల చట్టం వచ్చిన నలభై ఆరేళ్ళకు గాని లోపల ఈ చోటు దొరకలేదు.

మీ ఊరికి మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చి, అభ్యంతరాలు చెప్పమన్నప్పుడు ఒకసారి వెళ్ళి ఆ మ్యాపు చూడండి. మీ వీధి రంగు ఒక్కటే చూసి తిరిగి రాకండి. ఇప్పటికే అనుమతులు పొంది ఖాళీగా పడి ఉన్న ప్లాట్లు ఎన్నో అడగండి. కొత్త రోడ్డు ఏ కాలువను దాటుతోందో, దాటిన చోట నీళ్ళు ఎటు పోతాయో అడగండి. ఆ గదిలో రైతులు ఎంతమంది ఉన్నారో కూడా చూడండి. సమావేశం కోతల రోజుల్లో, పనివేళల్లో పెట్టి ఉంటే, తేదీ మార్చమని మొదటి అభ్యంతరంగా అదే రాసివ్వండి.

నమస్కారం.