పెయిలాట్ క్లిప్‌లో కనబడనివాళ్లు

అందరికీ నమస్కారం. హాకీ ఆటగాడు గొంజాలో పెయిలాట్ పేరు మీలో చాలామందికి తెలియకపోవచ్చు, కానీ అతని డ్రాగ్‌ఫ్లిక్ క్లిప్ ఎప్పుడో ఒకసారి మీ ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది. నడుము బాగా వంచి, బంతిని స్టిక్‌తో లాక్కుంటూ వచ్చి ఒక్కసారిగా విసురుతాడు, గోల్‌కీపర్ కదిలేలోపే వెనకాల బోర్డు ఠప్పుమంటుంది. అంతే, క్లిప్ అయిపోతుంది.

జర్మనీ ఆటగాడే గానీ పుట్టింది బ్యూనస్ ఎయిర్స్‌లో, 1992లో. 2016 రియో ఒలింపిక్స్ సెమీస్‌లో అర్జెంటీనా 5-2తో జర్మనీని ఓడించిందే, అందులో మూడు గోల్స్ ఇతనివి! మొత్తం 11 గోల్స్‌తో టాప్ స్కోరర్, పైగా స్వర్ణం. తర్వాత అర్జెంటీనా జట్టుకు దూరమై, జర్మనీలోని మన్‌హైమ్ క్లబ్‌కు ఆడుతూ, 2022లో జర్మనీ జెర్సీ వేసుకున్నాడు. దేశం మారడం తప్పని అనేవాళ్లుంటారు, నాకు మాత్రం అలా అనిపించదు. ఏ జట్టును ఏడిపించాడో ఆ జట్టు డ్రెస్సింగ్ రూమ్‌లోకే వెళ్లి కూర్చోవడానికి చాలా ధైర్యం కావాలి.

2023 జనవరి, భువనేశ్వర్, ప్రపంచకప్ సెమీస్. ఆస్ట్రేలియా మీద సగం ఆటకి జర్మనీ 0-2 వెనకబడి ఉంది. 43, 52, 59 నిమిషాల్లో పెయిలాట్ గోల్స్, ఆఖరి నిమిషంలో సహచరుడు వెలెన్ ఇంకొకటి, 4-3. రెండు రోజుల తర్వాత బెల్జియంని షూటౌట్‌లో ఓడించి కప్పు తీసుకెళ్లారు.

పారిస్ ఒలింపిక్స్ సెమీస్ గుర్తు చేసుకుంటే నాకు ఇప్పటికీ బాధే. 2024 ఆగస్టు 6న మనం 2-3తో ఓడిపోయాం, జర్మనీ మొదటి గోల్, గోల్ దగ్గర డిఫెండర్లు తప్పు చేస్తే ఎదుటి జట్టుకు దొరికే పెనాల్టీ కార్నర్ మీద, ఇతనే కొట్టాడు. ఆ రోజు అమిత్ రోహిదాస్ సస్పెన్షన్‌లో ఉన్నాడు. పెనాల్టీ కార్నర్ అప్పుడు గోల్‌లైన్ నుంచి అందరికంటే ముందు ఫ్లిక్ కొట్టేవాడి మీదికి దూసుకెళ్లేవాడిని ఫస్ట్ రషర్ అంటారు, మనకు ఆ పని చేసేది రోహిదాసే. అంత వేగంగా వచ్చే బంతికి తన ఒంటిని అడ్డుపెట్టి పరిగెత్తే మనిషి అతను. అతను ఉంటే ఆగేదని నేను చెప్పను, కానీ క్లిప్ చూసి చప్పట్లు కొట్టేవాళ్లకు ఆ ఖాళీ కనబడదు.

రెండు నెలలకే హాకీ ఇండియా లీగ్ వేలంలో హైదరాబాద్ తూఫాన్స్ 68 లక్షలు పెట్టి ఇతన్నే కొనుక్కుంది! ఆగస్టులో మనల్ని ఏడిపించినవాడు ఆ సీజన్లో మన ఊరి పేరున్న జెర్సీతో ఫైనల్ దాకా ఆడాడు. బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3తో పోయింది గానీ, హాకీ వైపు చూడని మా ఇంటివాళ్లు కూడా ఆ రాత్రి టీవీ ముందే కూర్చున్నారు.

ఇప్పుడు భువనేశ్వర్ సెమీస్ వీడియో వేస్తాను. మొదటిసారి పెయిలాట్‌ని చూడకండి. బేస్‌లైన్ నుంచి బంతి తోసేవాడినీ, గోల్ ముందుండే డీ ఆకారపు గీత బయట దాన్ని స్టిక్‌తో ఆపేవాడినీ చూడండి. ఆపేటప్పుడు బంతి కాస్త ఎగిరినా ఆ ఫ్లిక్ లేదు. లైట్లు కొంచెం ఆపుతారా?