గురక ఆగిన చోట చెవి పెట్టండి

శ్రోతలకు నమస్కారం.

నిద్ర జబ్బులతో మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది తమంతట తాము రారు. ఇంట్లోవాళ్ళు పట్టుబట్టి తీసుకొస్తారు. ఆయన కుర్చీలో కూర్చుని "నాకేం లేదండీ, ఇలా పడుకుంటే అలా నిద్ర పట్టేస్తుంది" అంటారు. వెనక నిలబడ్డ భార్య "మీరుండండి, నేను చెప్తాను" అని అందుకుంటుంది. నేను ముందు వినేది ఆవిడ మాటే. తన నిద్రలో ఏం జరుగుతోందో నిద్రపోయే మనిషికి తెలియదు. పక్కన మెలకువగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. అందుకే ఈ ప్రసంగం ముఖ్యంగా ఆ పక్కనున్నవాళ్ళ కోసం.

గురక పెడుతుంటే "హాయిగా, ఆదమరిచి నిద్రపోతున్నాడు" అనుకుంటాం. అది గాఢనిద్రకు గుర్తు కాదు. గొంతులో గాలి దారి ఇరుకై, అక్కడి మెత్తటి కండ అదురుతుంటే వచ్చే చప్పుడు. గురక పెట్టే ప్రతివాళ్ళకీ జబ్బున్నట్టు కాదు. చప్పుడు ఎంత పెద్దదన్నది అటుంచి, అది ఆగిన చోట చెవి పెట్టండి. పెరుగుతూ పెరుగుతూ వెళ్ళిన గురక ఒక్కసారిగా ఆగిపోతుంది. పొట్ట, ఛాతీ ఎగిసిపడుతూనే ఉంటాయి, ముక్కులోంచి మాత్రం గాలి ఆడదు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. ఆ తర్వాత ఉక్కిరిబిక్కిరై, పెద్ద శబ్దంతో ఊపిరి అందుకుని, అటు ఒత్తిగిల్లి మళ్ళీ గురక మొదలు. దీన్నే స్లీప్ ఆప్నియా అంటాం. ఊపిరి ఇలా ఆగడమో బాగా తగ్గడమో గంటకు 5 సార్ల నుంచి జబ్బు కింద లెక్క, 30 దాటితే తీవ్రమైనది. గంటకు 30 అంటే రెండు నిమిషాలకోసారి మెదడు ఉలిక్కిపడి లేస్తోందన్నమాట. ఆ మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా నిద్రపోయినట్టు కాదు.

పగటి పూట దాని గుర్తులు కనిపిస్తాయి. పొద్దున్నే తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, కూర్చున్న చోట కునుకు, మాటకు ముందే చిరాకు. రెండు మూడు రకాల మాత్రలు వేసినా బీపీ అదుపులోకి రావడం లేదంటే నిద్ర గురించి అడిగి తీరాలి. లావుపాటి మగవాళ్ళ జబ్బు అనుకోవడం పొరపాటు. దవడ చిన్నదైతే సన్నటివాళ్ళకూ వస్తుంది. థైరాయిడ్ తగ్గినవాళ్ళలో, నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఎక్కువ. గురక మాట చెప్పుకోవడానికి మన ఆడవాళ్ళు సిగ్గుపడతారు. "నీరసంగా ఉంది, నిద్ర పట్టడం లేదు" అని మాత్రమే అంటారు. అలా వాళ్ళ జబ్బు ఏళ్ళ తరబడి బయటపడదు. నోరు తెరుచుకుని పడుకునే పిల్లల్నీ గమనించండి. టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ వాచి ఊపిరికి అడ్డుపడుతుంటే ఆ బిడ్డ బళ్ళో కుదురుగా కూర్చోలేడు, చదువులో వెనకబడతాడు. వాటిని తీసేస్తే చాలామందికి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

ఒక రాత్రి నిద్ర పరీక్ష చేస్తే జబ్బు తేలుతుంది. కొందరికి ఇంట్లోనే చిన్న యంత్రంతో చేయవచ్చు. ఎక్కువమందికి వాడే చికిత్స సీప్యాప్, అంటే మాస్కు గుండా గాలి పంపే యంత్రం. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కొలిన్ సలివన్ బృందం దీన్ని లోకానికి చూపింది. మాస్కు చూడగానే "ఆక్సిజన్ పెట్టేదాకా వచ్చిందా" అని ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. అది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. కాస్త ఒత్తిడితో వెళ్ళి గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది. మొదటి రోజుల్లో చికాకుగానే ఉంటుంది. చాలామంది అక్కడే యంత్రాన్ని అటకెక్కిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మాస్కు సైజు మార్పించుకోండి, పగలు టీవీ చూస్తూ పెట్టుకుని అలవాటు చేసుకోండి. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానేయడం కూడా చికిత్సలో భాగమే. జబ్బు మరీ ముదరనివాళ్ళకు కింది దవడను ముందుకు నిలిపే పళ్ళ పరికరం పనికొస్తుంది.

ఇక నిద్ర పట్టనివాళ్ళ సంగతి. వారానికి మూడు రాత్రులు, మూడు నెలలుగా ఇదే వరస అయితే అది దీర్ఘకాలిక నిద్రలేమి. మనవాళ్ళు చేసే మొదటి పని మందుల షాపుకెళ్ళి ఆల్ప్రజోలం అనే మత్తు మాత్ర అడగడం. అది అలవాటైతే వదలదు, ఒక్కసారిగా ఆపితే వణుకు, భ్రమలు, ఫిట్స్ కూడా రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లు దొరకని రోజుల్లో జనం ఆసుపత్రుల పాలైంది, ఆ కల్లులో కలిపే ఇలాంటి మత్తు మందులు ఒక్కసారిగా ఆగిపోవడం వల్లే. పైగా ఆప్నియా ఉన్న మనిషి నిద్రమాత్ర వేసుకుంటే గొంతు ఇంకా వదులవుతుంది, మెదడు లేవడం ఇంకా ఆలస్యమవుతుంది. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు సొంతంగా మానేయకండి, డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోండి.

నిద్రలేమికి ముందుగా ఇవ్వాల్సింది మందు కాదు, నిద్ర అలవాట్లనీ, నిద్ర గురించిన ఆలోచనలనీ మార్చే సీబీటీ-ఐ అనే పద్ధతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే అమెరికా వైద్యుల సంఘం 2016లోనే ఈ మాట చెప్పింది. ఎప్పుడు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి. నిద్ర ముంచుకొస్తేనే మంచం ఎక్కాలి. ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి, మసక వెలుతురులో కాసేపు కూర్చుని, మళ్ళీ నిద్ర వచ్చాకే వెళ్ళాలి. గడియారం వైపు చూడకూడదు. మొదటి వారం కష్టంగా ఉంటుంది, కొన్ని వారాల్లో నిద్ర గాడిన పడుతుంది. ఫిట్స్, తీవ్రమైన మానసిక జబ్బులు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరు అండతోనే మొదలుపెట్టాలి.

పొద్దుగూకగానే "కాళ్ళు గుంజుతున్నాయి, కాస్త తొక్కరా" అని మనవణ్ణి పిలిచే అమ్మమ్మలు ఎందరో. పిక్కల్లో పురుగులు పాకినట్టుంటుంది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్ళీ మొదలు. వయసు అని కొట్టిపారేయకండి. ఒంట్లో ఇనుము నిల్వలు తగ్గినా ఇలా అవుతుంది. హిమోగ్లోబిన్ బాగున్నా, ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ తక్కువగా ఉండొచ్చు, ఆ పరీక్ష అడిగి చేయించండి. గర్భిణుల్లోనూ, డయాలసిస్ మీద ఉన్నవాళ్ళలోనూ ఇది తరచూ కనిపిస్తుంది.

యాభై దాటినవాళ్ళు నిద్రలో కేకలు పెడుతూ, కలలో కొట్లాటకు చేతులూ కాళ్ళూ విసురుతుంటే నరాల డాక్టరుకు చూపించండి. కొందరిలో అది పార్కిన్‌సన్స్‌కు ఏళ్ళ ముందే కనిపించే గుర్తు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు ఫోనులో రెండు మూడు నిమిషాల వీడియో తీసుకోండి, ఛాతీ కనిపించేలా, గురక వినిపించేలా. వాడే మందులన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. రాత్రిళ్ళు పక్కనుండేవాళ్ళే వెంట వెళ్ళండి. ఆయన లారీయో ఆటోయో బస్సో నడిపేవారైతే, చికిత్స మొదలై పగటి మత్తు వదిలేదాకా స్టీరింగ్ ముట్టుకోనివ్వకండి.